సొంతంగా కలుపుకునే బ్రాయిలర్ మేతలో ఎంజైములు: ఫార్ములా మార్చకుండా వేస్తే ఫలితం ఉంటుందా?

మాగాణి (తెనాలి)

అందరికీ నమస్కారం. తెనాలి దగ్గర మాకు ఐదు వేల పిల్లలు పట్టే బ్రాయిలర్ షెడ్డు ఉంది. మేము ఇంటిగ్రేషన్‌లో (కంపెనీయే పిల్లలనూ మేతనూ ఇచ్చి, పెంచినందుకు చార్జీ చెల్లించే ఒప్పందంలో) లేము. పిల్లలను కొనుక్కుని మేత మేమే కలుపుకుంటాము. దుగ్గిరాల వైపు వరి కోసిన మాగాణుల్లో దుక్కి లేకుండా వేసే మొక్కజొన్న అందుబాటులో ఉంటుంది, నూకలూ తవుడూ చుట్టుపక్కల రైసు మిల్లుల నుంచి వస్తాయి. కార్తీక మాసంలో కోడి ధర ఎలాగూ పడిపోతుంది కనుక, ఆ సమయానికి అందే బ్యాచికి మేత ఖర్చు తగ్గించుకుందామని మొక్కజొన్న కొంత తీసి నూకలు, నూనె తీసిన తవుడు పెట్టాము. ఈ సంగతి తెలిసి మందుల దుకాణం వారు, తవుడు పెడితే ఎంజైము తప్పనిసరి అని చెప్పి రెండు పొట్లాలు ఇచ్చారు. ఒకటి ఫైటేజ్ (గింజల్లో బిగుసుకున్న భాస్వరాన్ని విడదీసే ఎంజైము), గ్రాముకు 5,000 యూనిట్లు, టన్నుకు 100 గ్రాములు. రెండోది పీచును విడగొట్టే జైలనేజ్, సెల్యులేజ్, ప్రోటీనును అరిగించే ప్రోటియేజ్, పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ అన్నీ కలిసిన మిశ్రమం, టన్నుకు 500 గ్రాములు.

ఉన్న ఫార్ములాలో ఏమీ మార్చకుండా ఈ రెండింటినీ పైన అదనంగా వేశాము. ఎఫ్‌సీఆర్‌లో (కోడి కిలో బరువు పెరగడానికి తినే మేత లెక్కలో) చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. లిట్టరు (షెడ్డు నేల మీద పరిచే పొట్టు) మునుపటి కంటే తడిగానే ఉంది. ఎంజైములే పనికిరానివా, లేక మేము వేసే పద్ధతిలో ఏదైనా లోపం ఉందా అన్నది తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పశువైద్యుడు (గుంటూరు)

మాగాణి గారూ, ఎంజైము మందు కాదండి. మేతలో ఒక నిర్దిష్టమైన పదార్థం ఉంటే దాన్ని విడగొట్టే ప్రోటీను మాత్రమే. ఆ పదార్థం మేతలో లేకపోతే దానికి పని ఉండదు. ఉన్నా సరే, విడుదలయ్యే పోషకం పక్షికి అప్పటికే సరిపడా అందుతూ ఉంటే అదంతా రెట్టలో పోతుంది. మీ ఫార్ములాలో డీసీపీ (భాస్వరం, కాల్షియం ఇచ్చే డైకాల్షియం ఫాస్ఫేట్ పొడి) మునుపటిలాగే ఉంచి ఫైటేజ్ వేసి ఉంటే, పక్షికి అక్కరలేని భాస్వరాన్ని మీరు రెండు వైపుల నుంచి కొన్నట్టు లెక్క. మీ ఫినిషర్ (చివరి దశలో వేసే మేత) ఫార్ములా టన్ను లెక్కన ఇక్కడ పెట్టండి, అప్పుడు వివరంగా మాట్లాడుకోవచ్చు.

మాగాణి (తెనాలి)

ఫినిషర్ ఇదండి: మొక్కజొన్న 520 కిలోలు, నూకలు 80, సోయా చెక్క 270, నూనె తీసిన తవుడు 60, నూనె 30, డీసీపీ 16, రాతిపిండి 10. మిగిలిన 14 కిలోలలో ఉప్పు, సోడా, మిథియోనిన్, లైసిన్, విటమిన్లు, ఖనిజాలు, కాక్సీ (పేగుకు వచ్చే కాక్సిడియోసిస్ జబ్బు) మందు వస్తాయి. మేతను పొడిగానే వేస్తాము, పెల్లెట్ (గుళికలు) చేయించము.

పశువైద్యుడు (గుంటూరు)

వివరంగా ఇచ్చినందుకు ధన్యవాదాలు. ముందు ఫైటేజ్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఫార్ములాలో ఖాయంగా డబ్బు మిగిల్చేది అదే.

గింజల్లోనూ చెక్కల్లోనూ ఉండే భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము కోడి పేగులో చాలినంత లేదు. అందుకే మనం డీసీపీ కొని పోస్తున్నాము. మీరు వాడే వస్తువుల్లో ఫైటేట్ అత్యధికంగా ఉన్నది తవుడు, కాబట్టి తవుడు పెడితే ఫైటేజ్ వేయమన్న మాట తప్పు కాదు. కానీ దుకాణం వారు సగం మాటే చెప్పారు. ఎంజైము వేసినప్పుడు డీసీపీ తగ్గించాలన్నది మిగిలిన సగం.

గ్రాముకు 5,000 యూనిట్ల పొడిని టన్నుకు 100 గ్రాములు వేస్తే కిలో మేతకు 500 యూనిట్లు పడతాయి. ఈ మోతాదుకు అందుబాటులోకి వచ్చే భాస్వరాన్ని సాధారణంగా 0.10 నుంచి 0.15 శాతం వరకు లెక్కలో తీసుకుంటారు. మీ కోసం 0.11 దగ్గర ఆగుతాను. టన్నుకు అది 1.1 కిలోల భాస్వరం. డీసీపీలో 18 శాతం భాస్వరం ఉంటుందనుకుంటే 6 కిలోల డీసీపీ ఇచ్చేది కూడా దాదాపు అంతే. అంటే 16 కిలోల చోట 10 కిలోలు చాలు.

అసలు తిరకాసు కాల్షియం దగ్గర వస్తుంది. ఆరు కిలోల డీసీపీ తీసేస్తే దానితోపాటు సుమారు 1.4 కిలోల కాల్షియం కూడా పోతుంది. అది చూసి చాలామంది తీసిన ఆరు కిలోల చోట ఆరు కిలోల రాతిపిండి పోస్తారు. రాతిపిండిలో 38 శాతం కాల్షియం ఉంటుంది కనుక 1.4 పోయిన చోట 2.3 కిలోలు వచ్చి కూర్చుంటాయి. ఫైటేట్ విడిపోయినప్పుడు దానికి అతుక్కుని ఉన్న కాల్షియం కూడా బయటికి వస్తుందన్నది వారు లెక్కలోకి తీసుకోరు. కాల్షియం మితిమీరితే అదే ఫైటేట్‌ను పట్టుకుని కరగకుండా చేస్తుంది, అప్పుడు మీరు కొన్న ఎంజైముకు పని చేసే అవకాశమే తగ్గిపోతుంది. మీరు రాతిపిండిని 10 దగ్గరే ఉంచండి, భయంగా ఉంటే ఒక్క కిలో పెంచండి. ఖాళీ అయిన చోట మొక్కజొన్న పోయండి. మీ ఫినిషర్‌లో శక్తి కొద్దిగా తక్కువగానే ఉంది, దానికీ అది ఉపయోగపడుతుంది.

పాతకాపు (హనుమాన్ జంక్షన్)

డాక్టరు గారి లెక్క కాగితం మీద చక్కగా ఉంది. నాదొక సందేహం. మార్కెట్లో దొరికే డీసీపీలో 18 శాతం భాస్వరం ఉందని ఎవరు చూశారు? బస్తా మీద అచ్చు వేసినంత మాత్రాన లోపల ఉన్నట్టు కాదు. అది నిజంగా 14 ఉంటే మాగాణి గారు ఇన్నాళ్లూ పోసిన 16 కిలోలే బొటాబొటిగా సరిపోతూ ఉండవచ్చు. అందులోంచి ఇంకో ఆరు కిలోలు తీయమంటే నాలుగో వారంలో కోళ్ల కాళ్లు పడిపోతాయి. ఎంజైములు లేని రోజుల్లో మేము కోళ్లు పెంచలేదా? మొక్కజొన్న తేమ, బూజు చూసుకోకుండా పొట్లాల మీద పడటం ఈ మధ్య ఎక్కువైంది.

పశువైద్యుడు (గుంటూరు)

పాతకాపు గారూ, డీసీపీ విషయంలో మీరన్నది పూర్తిగా నిజం. తగ్గించే ముందు ఒక నమూనాను ప్రయోగశాలకు పంపి భాస్వరం ఎంతో చూసుకోవాలని నేనే మొదట చెప్పి ఉండవలసింది. పరీక్షకు అయ్యే ఖర్చు ఒక్క బస్తా డీసీపీ ధరతో పోల్చినా పెద్దది కాదు. పరీక్షలో 14 వస్తే ఫార్ములా లెక్క మొత్తం ఆ అంకెతోనే మళ్లీ వేయాలి.

మీ రెండో మాటతో మాత్రం ఏకీభవించలేను. ఆ రోజుల్లో పెంచిన కోడి వేరు. రెండు కిలోల బరువు రావడానికి అది తీసుకున్న కాలం, తిన్న మేత ఇప్పటి జాతితో పోలిస్తే చాలా ఎక్కువ. అప్పుడు డీసీపీ, సోయా ధరలు కూడా ఇంతగా నొప్పి పుట్టించేవి కావు.

భాస్వరం తగ్గిందేమో అనే అనుమానం వస్తే ఎదురు చూస్తూ కూర్చోనవసరం లేదు. చనిపోయిన కోడిని కోసినప్పుడు కాలి ఎముకను రెండు చేతులతో వంచి చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఎముక టప్పున విరుగుతుంది, లోపం ఉంటే రబ్బరులా వంగుతుంది. ముక్కు మెత్తబడటం, పక్కటెముకలు వెన్నును కలిసే చోట పూసల్లా ఉబ్బడం కూడా గుర్తులే. అయితే ఇవే లక్షణాలు డి3 విటమిన్ తగ్గినా, కాల్షియం తగ్గినా వస్తాయి, కాబట్టి ఒక్క గుర్తును బట్టి డీసీపీ పెంచేయకండి.

పీజీ విద్యార్థిని (గన్నవరం)

పశువైద్య కళాశాలలో పోషణ విభాగంలో చదువుతున్నాను. యూనిట్ల గురించి కొంత చేర్చాలనిపించింది. ఫైటేజ్ యూనిట్ అంటే 37 డిగ్రీల వేడిలో, 5.5 పీహెచ్ దగ్గర, సోడియం ఫైటేట్ నుంచి నిమిషానికి ఒక మైక్రోమోల్ భాస్వరాన్ని విడదీసే ఎంజైము పరిమాణం. ఈ కొలత ఎక్కడైనా ఇంచుమించు ఒకటే కనుక రెండు కంపెనీల ఫైటేజ్ పొట్లాలను కొంతవరకు పోల్చవచ్చు. కొంతవరకే అనడానికి కారణం ఉంది. కోడి కందనకాయలో పీహెచ్ 5.5 ఉండదు, అక్కడ ఆమ్లం చాలా ఎక్కువ. ఆ ఆమ్లంలోనూ ప్రోటీనును అరిగించే పెప్సిన్‌కు లొంగకుండా పనిచేయగలగడం అన్ని ఫైటేజ్‌లకూ సమానంగా ఉండదు. 1991లో యూరప్ మార్కెట్‌లోకి వచ్చిన మొదటి ఫైటేజ్ ఆస్పర్‌జిల్లస్ అనే బూజు నుంచి తయారైనది. తరువాత వచ్చిన బాక్టీరియా మూలం ఫైటేజ్‌లు చాలావరకు ఆమ్లంలో మెరుగ్గా నిలబడతాయి.

జైలనేజ్, సెల్యులేజ్, ప్రోటియేజ్‌ల యూనిట్లు అలా కాదు. ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో, ఒక్కో పీహెచ్ దగ్గర, ఒక్కో పదార్థం మీద కొలుస్తుంది. ఒక పొట్లం మీద రెండు లక్షల యూనిట్లు, మరో పొట్లం మీద ఇరవై వేల యూనిట్లు అని ఉంటే మొదటిది పది రెట్లు బలమైనదని అనుకోవడానికి వీలు లేదు. దుకాణంలో అంకెలు చూసి బేరమాడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

మాగాణి (తెనాలి)

చాలా ఉపయోగకరంగా ఉందండి. ఇక రెండో పొట్లం గురించి కూడా చెప్పండి. లిట్టరు తడికి అదే మందు అని నాకు చెప్పారు.

పశువైద్యుడు (గుంటూరు)

ఆ మాట గోధుమ, బార్లీ వేసే దేశాల నుంచి వచ్చింది. గోధుమలో నీటిలో కరిగే అరబినోజైలాన్లు, బార్లీలో బీటా గ్లూకాన్లు ఉంటాయి. అవి పేగులో గంజిలా చిక్కబడి మేతను అరగనివ్వవు, రెట్ట జిగటగా వస్తుంది, లిట్టరు తడుస్తుంది. జైలనేజ్, గ్లూకనేజ్ వేస్తే ఆ చిక్కదనం విరిగి తేడా కంటికి కనిపిస్తుంది. మన మొక్కజొన్న, నూకలు, సోయా మేతలో ఆ బెడద చాలా తక్కువ. తవుడులో అరబినోజైలాన్ ఉన్నా అది ఎక్కువగా కరగని రకం. తవుడు కణాల గోడల మధ్య చిక్కుకున్న పిండిపదార్థాన్నీ ప్రోటీనునూ బయటికి తేవడంలో జైలనేజ్ కొంత సాయం చేస్తుంది, దానివల్ల శక్తిలో కొద్దిపాటి లాభం ఉంటుంది. అంతే తప్ప మీ లిట్టరు తడికి అది విరుగుడు కాదు.

లిట్టరు తడిగా ఉందంటే నేను ముందు నిపుల్స్ (కోళ్లు నీళ్లు తాగే పైపు మొనలు) ఎత్తు, కారడం చూస్తాను. తరువాత ఉప్పూ సోడా కలిపి సోడియం ఎంత పడుతోందో, బోరు నీటిలో ఉప్పు ఎంతుందో లెక్క చూస్తాను. మీ డెల్టాలో కొన్ని బోర్లు ఉప్పగానే ఉంటాయి, ఆ నీటికి మళ్లీ మేతలో పూర్తి ఉప్పు వేస్తే కోడి నీళ్లు తాగుతూనే ఉంటుంది. ఆ తరువాత కాక్సీ ఉందేమో చూడాలి. వానాకాలంలో పరదాలు దించేసి గాలి ఆడనివ్వకపోవడం కూడా పెద్ద కారణమే.

పాతకాపు (హనుమాన్ జంక్షన్)

ఇదిగో, ఈ మాట కోసమే చూస్తున్నాను. నీళ్లు కారే నిపుల్‌కు వాషరు మార్చకుండా ఎంజైము పొట్లం కొనేవారిని ఎంతమందిని చూశానో. మాగాణి గారూ, మీ మొక్కజొన్న తేమ ఎంత? కొత్త పంట కల్లంలో సరిగ్గా ఎండకుండా వస్తే బూజు పడుతుంది, అందులోని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని మీ పొట్లంలో ఉన్న ఏ ఎంజైమూ ఏమీ చేయలేదు.

మాగాణి (తెనాలి)

తేమ మీటరు మా దగ్గర లేదండి. గింజ కొరికి చూసి తీసుకుంటున్నాము. మీటరు కొంటాను. బోరు నీరు మాత్రం కొంచెం ఉప్పగానే ఉంటుంది, దాని మీద ఇంతవరకు దృష్టి పెట్టలేదు.

ఇంటిగ్రేషన్ రైతు (నూజివీడు)

మాకు మేత కంపెనీ నుంచి పెల్లెట్ రూపంలో వస్తుంది. ఈ మధ్య ఒకాయన వచ్చి, నీళ్లలో కలిపే ద్రవ ఎంజైము వాడితే ఎఫ్‌సీఆర్ తగ్గి పెంపకం చార్జీ పెరుగుతుందని చెబుతున్నాడు. మాకు చెల్లింపు ఎఫ్‌సీఆర్‌ను బట్టే ఉంటుంది కనుక ఆశ పుడుతోంది. మేము వాడవచ్చునా?

మేత మిల్లు (విజయవాడ)

నేను మేత తయారీలోనే పనిచేస్తున్నాను, కాబట్టి ఈ ప్రశ్నకు నేను సమాధానం చెప్పడం సబబుగా ఉంటుంది. ఇంటిగ్రేషన్ మేతల్లో ఫైటేజ్ వేయడం ఇప్పుడు మామూలు విషయం, చాలాచోట్ల జైలనేజో ప్రోటియేజో కూడా ఉంటుంది. ఫార్ములాలో డీసీపీ, నూనె, సోయా ఆ మేరకు ముందే తగ్గించి ఉంటాయి. మీరు దానిపైన నీళ్లలో ఇంకోసారి పోస్తే విడగొట్టడానికి మిగిలేది తక్కువ. పైగా మీరు నీళ్లలో క్లోరిన్ వాడుతూ ఉంటే అది ఎంజైమును పాడు చేస్తుంది. క్లోరిన్ ఆపి ఎంజైము పోస్తే పైపుల్లో పాకుడు పెరుగుతుంది. ఆ బేరం నాకు నచ్చదు. ఏది వాడాలన్నా ముందు మీ సూపర్‌వైజరును అడగండి, బయటి వస్తువులు వాడకూడదని ఒప్పందంలో రాసి ఉండే అవకాశం ఉంది.

ఇక పెల్లెట్ గురించి ఒక ముఖ్యమైన మాట. ఆవిరితో మేతను 80, 85 డిగ్రీల వరకు వేడి చేసి అచ్చులోంచి తోస్తాము. ఎంజైము ప్రోటీనే కనుక రక్షణ లేని రకమైతే ఆ వేడికి చాలా భాగం చచ్చిపోతుంది. అందుకే పూత పూసినవి గాని, స్వతహాగా వేడిని తట్టుకునేవి గాని వాడాలి, లేదంటే పెల్లెట్ చల్లారిన తరువాత ద్రవ రూపంలో చల్లాలి. చిన్న మిల్లులో కిరాయికి పెల్లెట్ చేయించుకునేవారు తమ పొట్లం ఎంత వేడి వరకు నిలుస్తుందో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. మాగాణి గారు పొడి మేత వేస్తారు కాబట్టి ఆయనకు ఈ చింత లేదు. అనవసరంగా పూత పూసిన ఖరీదైన రకం కొనకండి.

పీజీ విద్యార్థిని (గన్నవరం)

మిల్లు గారు ‘సోయా ఆ మేరకు తగ్గించి ఉంటాయి’ అన్నారు కదా, అక్కడ ఒక చిక్కు ఉంది. ఫైటేజ్ అమ్మేవారు తమ పొట్లం భాస్వరంతోపాటు ఇంత శక్తి, ఇంత అమైనో ఆమ్లం ఇస్తుందని లెక్క ఇస్తారు. జైలనేజ్ వారు ఇంత శక్తి అంటారు, ప్రోటియేజ్ వారు ఇంత లైసిన్ అంటారు. మూడింటి లెక్కలూ కూడి ఫార్ములాలోంచి తీసేస్తే కోడికి లోటు పడుతుంది. మంచి సోయా చెక్కలో అమైనో ఆమ్లాలు ఎంజైము లేకుండానే ఇంచుమించు 90 శాతం అరుగుతాయి. ఎన్ని ఎంజైములు వేసినా అవి పంచుకోవలసింది మిగిలిన ఆ కొద్ది భాగాన్నే. ఒకటి కొంత అరిగించాక రెండోదానికి మిగిలేది ఇంకా తక్కువ.

మేత మిల్లు (విజయవాడ)

చాలా సరైన మాట. మేము ఫైటేజ్‌కు భాస్వరం, కాల్షియం లెక్క పూర్తిగా తీసుకుంటాము. శక్తి, అమైనో ఆమ్లాల దగ్గర కంపెనీ చెప్పినదాంట్లో సగానికి మించి తీసుకోము. ఇది లోకమంతా పాటించే సూత్రమని అనను, మా అలవాటు. ప్రోటియేజ్ మాత్రం సోయా నాణ్యత తక్కువగా ఉన్నప్పుడు, లేదా పొద్దుతిరుగుడు చెక్క, బియ్యం డీడీజీఎస్ (బియ్యం నుంచి ఆల్కహాల్ తీశాక మిగిలే ఎండు పిప్పి) లాంటివి పెట్టినప్పుడు ఎక్కువగా అక్కరకు వస్తుంది. గోరుచిక్కుడు గింజల నుంచి వచ్చే గ్వార్ చెక్క పెడితే మాననేజ్ లేకుండా నడవదు, ఎందుకంటే అందులో ఆ ఎంజైమే విడగొట్టగల గాలక్టోమానన్ జిగురు ఉంటుంది. సరిగ్గా వేగని సోయాను ఎంజైముతో సరిదిద్దుదామని మాత్రం ఎవరూ అనుకోకండి. యూరియేజ్ పరీక్ష చేయించి, పచ్చిగా ఉంటే ఆ లోడు వెనక్కి పంపడమే.

మాగాణి (తెనాలి)

అయితే నా రెండో పొట్లం ఆపేయమంటారా?

పశువైద్యుడు (గుంటూరు)

తవుడు 60 కిలోల దగ్గరే ఉంటే దానికి పెట్టే డబ్బు తిరిగి వస్తుందని నేను గట్టిగా చెప్పలేను. తవుడును 100 దాటిస్తే, లేదా పొద్దుతిరుగుడు చెక్క కలిపితే అప్పుడు ఆలోచించండి. అప్పుడైనా పైన వేయడం కాదు, నూనె ఒకటి రెండు కిలోలు తగ్గించి వేయాలి. ఫైటేజ్ మాత్రం కొనసాగించండి. పిల్లలకు వేసే ప్రీస్టార్టర్‌లో నూనె తీసిన తవుడు అసలు పెట్టకండి.

తేడా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి బ్యాచికీ బ్యాచికీ పోల్చవద్దు. పిల్ల మూలం, వాతావరణం, మొక్కజొన్న అన్నీ మారిపోతాయి. షెడ్డును వల అడ్డం కట్టి ఆరు గదులు చేసి, ఒకే రోజు వచ్చిన పిల్లలను సమంగా వదిలి, ఒక గది విడిచి ఒక గదికి కొత్త మేత వేయండి. రెండే భాగాలు చేస్తే తూర్పు వైపు గాలి తేడాను ఎంజైము ఖాతాలో వేసేస్తాము. ప్రతి గది మేత విడిగా తూచాలి, చనిపోయిన కోళ్ల బరువు కూడా రాయాలి. రెండు కిలోల కోడికి ఎఫ్‌సీఆర్ 1.65 నుంచి 1.62కు తగ్గితే కోడికి 60 గ్రాములు, ఐదు వేల కోళ్లకు 300 కిలోల మేత మిగులుతుంది. అంత చిన్న తేడా అంచనాతో తేలదు, తూకంతోనే తేలాలి. ఇక్కడ మరో సంగతి గమనించండి. డీసీపీ తగ్గించినా ఎఫ్‌సీఆర్, బరువు, కాళ్లు మునుపటిలాగే ఉంటే అదే మీ లాభం. ఎఫ్‌సీఆర్ తగ్గలేదని ఎంజైమును తిట్టనవసరం లేదు.

పాతకాపు (హనుమాన్ జంక్షన్)

ఈ పద్ధతికి నాకూ అభ్యంతరం లేదు. అయితే ఒక్కసారిగా ఆరు కిలోలు తీయకుండా మొదటి బ్యాచిలో మూడు కిలోలు తీసి చూడమని నా సలహా. నష్టం వస్తే భరించేది రైతే కదా.

పశువైద్యుడు (గుంటూరు)

డీసీపీ పరీక్ష ఫలితం చేతికి వచ్చేలోపు ఆ సలహా పాటించడమే మంచిది.

మాగాణి (తెనాలి)

అలాగే చేస్తాను. వంద గ్రాముల పొడి టన్ను మేతలో సమంగా ఎలా కలుస్తుందన్నది చివరి సందేహం. ఇన్నాళ్లూ మిక్సరు తిరుగుతుండగా పైనుంచి చల్లుతున్నాము.

మేత మిల్లు (విజయవాడ)

అలా చల్లితే సగం గోడలకు, ధూళికి పోతుంది. వంద గ్రాములను ముందు ఒక కిలో మొక్కజొన్న పిండిలో చేత్తో బాగా కలపండి, ఆ కిలోను మరో పది కిలోల పిండిలో కలపండి, అప్పుడు మిక్సరులో సగం మొక్కజొన్న పడ్డాక దీన్ని వేసి, ఆపైన మిగిలినవి వేయండి. నూనె అన్నిటికంటే చివర. ఎంజైమును ఖనిజ మిశ్రమంతో, కోలిన్ క్లోరైడ్‌తో కలిపి నిలవ ఉంచకండి, అవి తేమ పీల్చి దాని శక్తిని తగ్గిస్తాయి. ఎండాకాలం రేకుల షెడ్డు కింద పెట్టిన పొట్లం మీద గడువు తేదీని నమ్మడానికి లేదు. ఇంట్లో చల్లగా ఉండే గదిలో మూత గట్టిగా పెట్టి ఉంచండి, ఒక బ్యాచికి సరిపడా మాత్రమే కొనండి.

మాగాణి (తెనాలి)

ధన్యవాదాలండి. డీసీపీ నమూనానూ బోరు నీటినీ ఈ వారమే పరీక్షకు పంపుతున్నాను. అంకెలు రాగానే ఫార్ములాతో సహా ఇక్కడే పెడతాను.